గెస్ట్ లెక్చర్ ఎక్కడ తెగిపోతోంది: ఒక బయోకెమిస్ట్రీ విభాగం కేస్ స్టడీ

నేపథ్యం

బయోకెమిస్ట్రీ, సెల్ బయాలజీ రెండూ కలిపి బోధించే ఒక విశ్వవిద్యాలయ విభాగం. పీజీ మొదటి ఏడాది విద్యార్థులకు సెమిస్టర్‌కు 8 గెస్ట్ లెక్చర్లు ఉండేవి. వక్తలందరూ బయటి పరిశోధనశాలల వాళ్లే. ఒక్కొక్కరికి గంట సమయం, అందులో 45 నిమిషాలు ప్రసంగం, మిగతా 15 నిమిషాలు ప్రశ్నలు. విభాగాన్ని, వక్తలను, విద్యార్థులను పోల్చుకోగల వివరాలన్నీ ఇక్కడ తీసేశాం. లెక్చర్ల అంశాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచక తప్పలేదు. ఈ కేసులో చిక్కు ముడంతా అంశంలోనే, ఇంకా చెప్పాలంటే ఒక బ్లాట్‌లోని (ప్రొటీన్లను విడదీసి చూపే బొమ్మలోని) రెండు బ్యాండ్ల (చారల) మధ్య ఉంది.

విద్యార్థులకు పునాది లేదనడానికి లేదు. గ్లైకాలిసిస్, ఎలక్ట్రాన్ ట్రాన్స్‌పోర్ట్ చెయిన్, ప్రొటీన్ల రవాణా, కణచక్రం అన్నీ క్లాసులో అయిపోయాయి. ల్యాబ్‌లో ప్రొటీన్లను విడదీసే ఎస్‌డీఎస్ జెల్ సొంతంగా పోసి, నడిపి, రంగు వేసి చూసినవాళ్లే.

సమస్య

మొదట కదిలింది వక్తలు. ప్రశ్నల సమయానికి హాలంతా మౌనం, చివరికి విభాగం అధ్యాపకులే మొహమాటానికి ఒకటి రెండు అడిగి కార్యక్రమం ముగించడం. విద్యార్థులను అడిగితే ‘బాగా చెప్పారు సార్, కానీ మా స్థాయి కాదు’ అన్నారు. అధ్యాపకుల్లో కొందరు ఈ బ్యాచ్‌కు ఆసక్తి తక్కువని తేల్చేశారు.

అంటే ఒకే లక్షణానికి మూడు రోగ నిర్ధారణలు: విషయం కష్టం, తయారీ లేదు, ఆసక్తి లేదు. ఒక్కోదానికి ఒక్కో మందు సిద్ధంగా ఉంది కాబట్టి, అసలు ఎక్కడ తెగిందో చూడకుండానే మూడు మందులూ వరసగా వాడేశారు.

వాడి చూసినవి, పని చేయనివి

మొదటిది, వక్తలను ‘కాస్త సులువుగా చెప్పండి’ అని కోరడం. వాళ్లు మర్యాదగానే విన్నారు. ఫలితం మాత్రం ఊహించనిది. సులువు చేయడమంటే మొదటి 25 నిమిషాలు పాఠ్యపుస్తకం చెప్పడం అని అర్థం చేసుకున్నారు. ఆటోఫేజీ (కణం తన సొంత భాగాలనే లైసోజోమ్ అనే సంచిలో విచ్ఛిన్నం చేసుకోవడం) మీద మాట్లాడాల్సిన వక్త కణాంగాల పరిచయంతో మొదలుపెట్టి, 2016లో నోబెల్ అందుకున్న యోషినోరి ఓసుమి ఈస్ట్ ప్రయోగాల దాకా వచ్చేసరికి సగం గంట గడిచింది. సొంత పరిశోధన చివరి పది నిమిషాల్లో, నిమిషానికి రెండు స్లైడ్ల చొప్పున పరిగెత్తింది. విద్యార్థులకు తెలిసిందే మళ్లీ వినబడింది, తెలియనిది తెలియకుండానే పోయింది. వక్త తప్పేమీ లేదు. ఎదుటివాళ్లకు ఏం వచ్చో, ఏం రాదో తెలియనప్పుడు ఎవరైనా కత్తిరించేది ఆధారాలనే, ఎందుకంటే చెప్పడానికి ఎక్కువ సమయం పట్టేవి అవే. నిర్ణయాలు మిగులుతాయి, ఆ నిర్ణయానికి ఎలా వచ్చారన్నది పోతుంది.

రెండోది, వారం ముందు ఒక రివ్యూ వ్యాసం పంపడం. చాలామంది తెరవలేదు. తెరిచినవాళ్ల ప్రింట్లు చూస్తే పేజీ నిండా పసుపు హైలైటర్. ఏది ముఖ్యమో తెలియనప్పుడు అన్నీ ముఖ్యంగానే కనిపిస్తాయి. రివ్యూ వ్యాసానికి ఇంకో గుణం ఉంది. ‘ఫలానా ప్రొటీన్ ఆటోఫేజీని పెంచుతుంది’ అని ఒక వాక్యంలో చెప్పి ముందుకు పోతుంది. పెరిగిందని ఎలా తేల్చారన్న ప్రశ్నే అక్కడ పుట్టదు. ఆ వ్యాసం చదివి హాల్లో కూర్చున్న విద్యార్థికి తెర మీద బ్లాట్ పడగానే మళ్లీ మొదటికొచ్చినట్టే.

మూడోది హాజరు తప్పనిసరి చేయడం, చివర్లో పది మార్కుల క్విజ్ పెట్టడం. హాజరు పెరిగింది. క్విజ్ ప్రశ్నలు తయారుచేసేది లెక్చర్ ముందే వినని అధ్యాపకుడు కాబట్టి అవి పేర్ల చుట్టూ, సంక్షిప్త పదాల చుట్టూ తిరిగాయి. విద్యార్థులు స్లైడ్ల ఫొటోలు తీసుకోవడం నేర్చుకున్నారు. ఈ మూడింటిలో ఎక్కువ నష్టం చేసింది ఇదే అని చెప్పాలి. మార్కులు బాగా రావడంతో సమస్య తీరిందన్న భ్రమ ఒక సెమిస్టర్ పాటు నడిచింది.

అసలు ఎక్కడ తెగింది

దారి మార్చింది ఒక చిన్న పరీక్ష. అయిపోయిన లెక్చర్‌లోని ఒకే ఒక్క బొమ్మను ప్రింట్ తీసి విద్యార్థుల చేతికిచ్చారు. అది ఎల్‌సీ3 (ఆటోఫేజీ సంచుల పొర మీద చేరే ప్రొటీన్) ఎంత ఉందో చూపే వెస్టర్న్ బ్లాట్. కింద ఒకే ప్రశ్న: ‘ఇందులో దేన్ని దేనితో పోల్చమని రచయిత అడుగుతున్నారు? ఏం తేలింది?’ మార్కులు లేవు, పేరు రాయనక్కర్లేదు.

ఆ బ్లాట్‌లో ఆరు లేన్లు, అంటే ఒక్కో నమూనాకు ఒక్కో నిలువు వరస. ఏమీ కలపని కణాలు, ‘ఏ’ అనే సమ్మేళనం ఇచ్చిన కణాలు, ‘బీ’ అనే సమ్మేళనం ఇచ్చిన కణాలు. ఒక్కోదానికి బ్యాఫిలోమైసిన్ ఏ1 (లైసోజోమ్‌లో విచ్ఛిన్నాన్ని ఆపే మందు) లేకుండా ఒక లేన్, దానితో కలిపి ఒక లేన్. జవాబుల్లో రెండు పొరపాట్లు కొట్టొచ్చినట్టు కనిపించాయి.

ఒకటి, పై బ్యాండే ఎల్‌సీ3-2 అని చాలామంది గుర్తించారు. వాళ్ల తర్కం పైకి సరైనదే. ఎల్‌సీ3-1కి ఫాస్ఫాటిడిల్‌ఇథనొలమీన్ అనే లిపిడ్ అతికితే ఎల్‌సీ3-2 అవుతుంది, బరువు పెరిగింది కాబట్టి జెల్‌లో పైన ఆగాలి. వాస్తవంలో ఎల్‌సీ3-1 దాదాపు 16 కిలోడాల్టన్ల దగ్గర, ఎల్‌సీ3-2 దాదాపు 14 దగ్గర కనిపిస్తాయి. లిపిడ్ తోకతో నీటికి దూరంగా ఉండే గుణం పెరుగుతుంది, అందుకే జెల్‌లో వేగంగా కిందికి దిగుతుంది. ‘జెల్ బరువును బట్టి విడదీస్తుంది’ అని క్లాసులో చెప్పిన వాక్యం ఇక్కడ అడ్డుపడింది.

రెండోది ఇంకా లోతైనది. బ్యాఫిలోమైసిన్ లేని మూడు లేన్లనే పోల్చి, ఏ, బీ రెండింటిలోనూ ఎల్‌సీ3-2 పెరిగింది కనుక రెండూ ఆటోఫేజీని పెంచాయని రాశారు. బ్యాఫిలోమైసిన్ లేన్లను దాదాపు ఎవరూ ముట్టుకోలేదు. కొందరు దాన్ని మూడో మందుగా భావించారు.

ఈ కాగితాలు చేతికొచ్చాక పాత మూడు నిర్ధారణలూ నిలబడలేదు. ఆటోఫేజీ అంటే ఏమిటో వీళ్లకు తెలుసు. లైసోజోమ్ తెలుసు. బ్లాట్ చేయడం కూడా తెలుసు. తెలియనిదల్లా బ్యాఫిలోమైసిన్ అనే ఆ కంట్రోల్ (పోల్చి చూడటానికి పెట్టేది) అక్కడ ఎందుకు ఉందన్నది. లెక్చర్‌లో వక్త ఆ బొమ్మ మీద ఉండేది ఒకటిన్నర నిమిషం. ఆ ఒకటిన్నర నిమిషంలో దారి తప్పితే తర్వాతి అరగంట మొత్తం వినికిడే తప్ప అవగాహన కాదు. ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుంది?

పని చేసింది

కాబట్టి తయారీకి కొలత మారింది. అంశం కాదు, వ్యాసం కాదు, ఒక్క బొమ్మ. వక్తకు పంపే ఆహ్వానంలో ఈ నాలుగు వాక్యాలు చేర్చారు:

‘మీ ప్రసంగమంతా ఆధారపడే ఒక బొమ్మను పది రోజుల ముందు పంపండి. అందులో ఏ కంట్రోల్ తీసేస్తే మీ నిర్ధారణ కూలిపోతుందో ఒక వాక్యంలో రాయండి. ఫలితం ఎలా వచ్చి ఉంటే మీ ఊహ తప్పయ్యేదో ఇంకో వాక్యంలో రాయండి. పరిచయ స్లైడ్లు అక్కర్లేదు, అవి మేం చూసుకుంటాం.’

చివరి వాక్యం వక్తలకు బాగా నచ్చింది. రెండో, మూడో వాక్యాల జవాబులే తయారీ క్లాసుకు ముడిసరుకు.

లెక్చర్‌కు రెండు రోజుల ముందు 75 నిమిషాల తయారీ క్లాసు. ఆటోఫేజీ లెక్చర్‌ను తర్వాతి బ్యాచ్‌కు మళ్లీ పెట్టినప్పుడు అది ఇలా నడిచింది.

మొదటి పది నిమిషాలు బొమ్మ మీది పేర్లన్నీ తెల్ల కాగితంతో కప్పేసి, అణుభారం మార్కర్ మాత్రం కనిపించేలా ఉంచారు. ఏం కనిపిస్తోందో మాత్రమే చెప్పాలి, అర్థం చెప్పకూడదు. 42 కిలోడాల్టన్ల దగ్గర అన్ని లేన్లలో సమానంగా ఉన్న బ్యాండ్ ఏమై ఉంటుందో చర్చ అక్కడే మొదలవుతుంది. అది ఆక్టిన్, ప్రతి లేన్‌లో సమానంగా ప్రొటీన్ పోశామని చూపే కంట్రోల్.

తర్వాత అసలు పని. బొమ్మ పక్కన పెట్టి, ఖాళీ ఆరు గడులు ఇచ్చి, బ్యాండ్లను వాళ్లనే గీయమన్నారు. ‘ఏ’ ఆటోఫేజీని నిజంగా పెంచితే బ్యాండ్లు ఎలా ఉండాలి? ‘బీ’ లైసోజోమ్ దగ్గర దారి మూసేస్తే ఎలా ఉండాలి? బ్యాఫిలోమైసిన్ లైసోజోమ్ పొరలోని ప్రోటాన్ పంపును ఆపి లోపలి ఆమ్లతను పోగొడుతుందని, దాంతో ఎల్‌సీ3-2 విచ్ఛిన్నం ఆగుతుందని, సాధారణంగా 100 నానోమోలార్ గాఢతలో కొద్ది గంటలు వాడతారని మాత్రం చెప్పారు. గీయడానికి 20 నిమిషాలు. ఇందులో తొందరపెడితే మొత్తం వృథా. ముందు తప్పుగా గీసినవాళ్లే తర్వాత బొమ్మను శ్రద్ధగా చూస్తారు.

ఆపై బోర్డు మీద ఊహాజనిత అంకెలు. ఏమీ కలపని కణాల్లో ఎల్‌సీ3-2 పరిమాణం 10, బ్యాఫిలోమైసిన్‌తో 30. తేడా 20, అంటే ఆ వ్యవధిలో విచ్ఛిన్నం కావాల్సినది 20. ‘ఏ’ ఇస్తే 30, బ్యాఫిలోమైసిన్‌తో 60. తేడా 30, ప్రవాహం పెరిగింది. ‘బీ’ ఇస్తే అదే 30, బ్యాఫిలోమైసిన్‌తో 31. తేడా 1. అక్కడ ఏదీ విచ్ఛిన్నం కావడం లేదు, పోగుపడుతోంది. బ్యాఫిలోమైసిన్ లేని లేన్లలో ఏ, బీ రెండూ 30 దగ్గరే ఉన్నాయి. అవి రెండే చూసినవాడికి ఒకదానికొకటి ఎదురైన రెండు పనులు ఒకేలా కనిపిస్తాయి. ఈ లెక్క పూర్తయ్యాక బ్యాఫిలోమైసిన్‌ను మూడో మందుగా చూసినవాళ్లెవరూ మిగలలేదు.

మిగిలిన సమయంలో 15 నిమిషాలు, ఇదే బొమ్మ మనల్ని ఎలా మోసం చేయగలదన్న దాని మీద. ఎక్స్‌పోజర్ (బ్లాట్‌ను చిత్రం తీసే వ్యవధి) ఎక్కువైతే బ్యాఫిలోమైసిన్ లేన్లన్నీ ఒకే నలుపుగా మారి, 60కీ 31కీ తేడా తెలియదు. అప్పుడు ‘ఏ’ కూడా దారి మూసేసినట్టే కనబడుతుంది. ఎల్‌సీ3-2ను ఎల్‌సీ3-1తో భాగించి చూపితే ఇంకో చిక్కు. రెండు రూపాలకూ యాంటీబాడీ ఒకేలా అతుక్కోదు, పైగా ఎల్‌సీ3-1 త్వరగా చెడిపోతుంది. అందుకే ఆక్టిన్ లాంటి దానితో పోల్చడం మేలు. రంధ్రాలు పెద్దవిగా ఉన్న 0.45 మైక్రాన్ల మెంబ్రేన్ (జెల్ నుంచి ప్రొటీన్లను ఎక్కించుకునే పొర) వాడితే ఇంత చిన్న ప్రొటీన్ కొంత దాటిపోవచ్చు, 0.2 మైక్రాన్లది సురక్షితం. బ్యాఫిలోమైసిన్‌ను కరిగించిన డీఎంఎస్‌ఓను మిగతా లేన్లకూ అంతే మోతాదులో ఇచ్చారా అన్నది విద్యార్థుల్లో ఒకరు లేవనెత్తారు. అధ్యాపకుడి జాబితాలో ఆ ప్రశ్న లేదు.

చివరగా నలుగురేసి జట్టుగా కూర్చుని తలో ప్రశ్న రాయాలి. నియమం ఒక్కటే, ప్రశ్నలో ఒక లేన్ గానీ అక్షం గానీ కంట్రోల్ గానీ పేరు పెట్టి ఉండాలి. ‘ఆటోఫేజీ క్యాన్సర్‌కు పనికొస్తుందా’ అన్నది చెల్లదు. ‘5, 6 లేన్లు సమానమంటున్నారు, తక్కువ ఎక్స్‌పోజర్‌లోనూ అంతేనా’ అన్నది చెల్లుతుంది. మొదటిదానికి వక్త ఒక సాధారణ ఉపన్యాసం ఇచ్చి ఊరుకుంటారు. రెండోదానికి ల్యాప్‌టాప్‌లో ఇంకో ఫైలు తెరవాల్సి వస్తుంది. ఆ లెక్చర్‌లో అదే జరిగింది. ప్రశ్నల సమయం సరిపోలేదు.

లెక్చర్ రోజుకు ఇంకో నిబంధన, మొదటి పది నిమిషాల ప్రశ్నలు విద్యార్థులవే. అధ్యాపకులు నోరు విప్పకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. నిశ్శబ్దం 20 సెకన్లు దాటితే భరించలేక ఒక అధ్యాపకుడు లేచేవారు. సమన్వయం చేసే వ్యక్తి ముందు వరసలో కాకుండా అధ్యాపకుల పక్కనే కూర్చోవడం దీనికి దొరికిన మార్గం.

మైటోకాండ్రియా లెక్చర్‌లో సగమే కుదిరింది

తర్వాతి అంశం కణాల ఆక్సిజన్ వినియోగ రేటు. బొమ్మలో ఒక గీత. ఏటీపీ తయారుచేసే ఎంజైమ్‌ను ఆపే ఒలిగోమైసిన్ వేస్తే పడిపోతుంది, ఎఫ్‌సీసీపీ అనే అన్‌కప్లర్ వేస్తే పైకి ఎగురుతుంది, ఎలక్ట్రాన్ల దారిని ఆపే రొటినోన్, యాంటీమైసిన్ కలిపి వేస్తే అడుగుకు చేరుతుంది. గీయమంటే దాదాపు అందరూ ఎఫ్‌సీసీపీ దగ్గర గీతను కిందికి దించారు. ‘అన్‌కప్లర్ ఏటీపీ తయారీని ఆపుతుంది, ఏటీపీ కోసమే ఆక్సిజన్ కావాలి, కాబట్టి ఆక్సిజన్ వాడకం తగ్గాలి.’ మొదటి మాట నిజం, చివరి మాట తప్పు. ఆక్సిజన్ ఖర్చయ్యేది నాలుగో కాంప్లెక్స్ దగ్గర, ఎలక్ట్రాన్లు చేరినప్పుడు. ఆ ఎలక్ట్రాన్ల పరుగుకు పగ్గం వేసేది పొరకు ఒకవైపు పోగుపడ్డ ప్రోటాన్ల ఒత్తిడి. పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించి, 1978లో నోబెల్ అందుకున్న సిద్ధాంతం సారం అదే. ఎఫ్‌సీసీపీ ప్రోటాన్లను పొర దాటించి ఆ పగ్గం వదిలేస్తుంది. పరుగు పెరుగుతుంది, ఏటీపీ మాత్రం రాదు. ఈ సిద్ధాంతం మీద పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా గీతను కిందికే గీశారన్నది గమనించాలి.

తయారీ బాగా కుదిరింది. లెక్చర్ దెబ్బతింది. వక్త ఆఖరి నిమిషంలో స్లైడ్లు మార్చేశారు, పంపిన బొమ్మ తెర మీదికి రాలేదు. విద్యార్థులు దాని కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. ఎఫ్‌సీసీపీ మోతాదు మించితే రేటు మళ్లీ పడిపోతుందని, అందుకే ఒక్కో కణరకానికి మోతాదును మెట్లుమెట్లుగా పెంచి ముందే తేల్చుకోవాలని తయారీలో నేర్చుకుని, దాని మీద రాసుకున్న ప్రశ్నలు జేబుల్లోనే ఉండిపోయాయి. ఆ తర్వాత నుంచి ఆ బొమ్మ స్లైడ్‌ను విభాగమే తన ల్యాప్‌టాప్‌లో పెట్టి, ప్రసంగం పన్నెండో నిమిషం దగ్గర తెర మీద వేస్తోంది. వక్త దాని మీద కనీసం ఎనిమిది నిమిషాలు ఉంటారని ముందే మాట తీసుకుంటున్నారు.

ఇంకో వక్త ఇంకా ప్రచురించని ఫలితమని బొమ్మ పంపలేనన్నారు. సమంజసమే. అదే ల్యాబ్ నుంచి అదే పద్ధతితో పాత ప్రచురిత బొమ్మ అడిగితే ఇచ్చారు. తర్కం పద్ధతిలో ఉంటుంది కాబట్టి తేడా పడలేదు.

క్రయో-ఈఎం (గడ్డకట్టించిన ప్రొటీన్ల ఆకారాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే పద్ధతి) లెక్చర్‌కు మాత్రం ఈ అచ్చు సరిపోలేదు. అక్కడ లేన్లు లేవు, కంట్రోల్ అన్న మాట అదే అర్థంలో పనిచేయదు. ఒకే ప్రొటీన్ భాగాన్ని 8 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టత దగ్గర, 3 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర (అంకె తగ్గితే స్పష్టత ఎక్కువ) పక్కపక్కన చూపారు. మొదటిదాంట్లో ఆల్ఫా హెలిక్స్‌లు గొట్టాల్లా కనిపిస్తాయంతే, రెండోదాంట్లో పక్క గొలుసులు తెలుస్తాయి. ‘ఈ అమైనో ఆమ్లం ఇటు తిరిగింది’ అని చెప్పడానికి ఏ మ్యాప్ చాలు అన్న ప్రశ్న ఒక్కటే పెట్టారు. అంతవరకు ఉపయోగపడింది, అంతకు మించి 75 నిమిషాల్లో సాధ్యం కాలేదు.

నేర్చుకున్నది నిలిచిందా

క్విజ్ తీసేశారు. దాని బదులు లెక్చర్ అయిన రెండు వారాలకు, ఎవరూ చూడని కొత్త బొమ్మ. ఒక మందు ఇచ్చాక ఒక ప్రొటీన్ బ్యాండ్ లావైంది, రచయితలు తయారీ పెరిగిందంటున్నారు. ఒప్పుకుంటారా, ఇంకేం చేయమంటారు? పాత బ్యాచ్‌లో ఇలాంటి దానికి ఒప్పుకుంటామన్న జవాబులే ఎక్కువ. ఈసారి ఎక్కువమంది విచ్ఛిన్నం తగ్గినా బ్యాండ్ లావవుతుందని రాశారు. సైక్లోహెక్సిమైడ్‌తో కొత్త తయారీని ఆపి 0, 30, 60, 120 నిమిషాల దగ్గర ఎంత మిగిలిందో చూడమన్నవాళ్లూ ఉన్నారు.

అయితే కొన్ని జవాబులు వేరే కథ చెప్పాయి. ఆ ప్రొటీన్‌ను విచ్ఛిన్నం చేసేది ప్రొటియాజోమ్ (లైసోజోమ్‌తో సంబంధం లేకుండా ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రాంగం) అని ప్రశ్నలోనే ఉన్నా ‘బ్యాఫిలోమైసిన్ కంట్రోల్ పెట్టాలి’ అని రాశారు. ఎంజీ132 లాంటి ప్రొటియాజోమ్ నిరోధకం కావాల్సిన చోట లైసోజోమ్ మందు. తర్కం కాక కంట్రోల్ పేరు గుర్తుండిపోయింది. బొమ్మను అంత దగ్గరగా చూపడం వల్ల వచ్చిన దుష్ఫలితమిది. దీనికి తయారీ క్లాసులో గీసే సమయాన్ని అలాగే ఉంచి, పేర్లు కప్పే భాగాన్ని ఐదు నిమిషాలకు, మోసపోయే మార్గాల భాగాన్ని పదికి కుదించారు. మిగిలిన పది నిమిషాలు అదే తర్కం వేరే వ్యవస్థలో. ఎంత వస్తోంది, ఎంత పోతోంది అన్న రెండు గడుల పట్టికలో ఒకసారి ఎల్‌సీ3-2, ఒకసారి ప్రొటియాజోమ్‌కు పోయే ప్రొటీన్, ఒకసారి ఎంఆర్‌ఎన్‌ఏ పెట్టి, ‘పోయేదాన్ని ఆపే మందు ఇక్కడ ఏది’ అని అడుగుతున్నారు.

ఈ ఫలితాలను ఎంతవరకు నమ్మాలో కూడా చెప్పాలి. బ్యాచ్‌లు వేరు, వక్తలు వేరు, తయారీ లేకుండా అదే లెక్చర్ విన్న సమాంతర బృందం లేదు. జవాబులు దిద్దినవాళ్లకు అవి ఏ బ్యాచ్‌వో తెలుసు. ఇలాంటి బొమ్మ విద్యార్థుల పేపర్లో కనబడితే వాళ్లే ‘కంట్రోల్ ఏది’ అంటారు.

ఇంకో విభాగం దీన్ని ఎత్తుకునే ముందు

బొమ్మ ఎంపికే సగం పని. మంచి బొమ్మకు గుర్తు, ఒక కంట్రోల్ దాచేస్తే నిర్ధారణ తలకిందులు కావాలి. దేన్ని దాచినా అదే నిర్ధారణ నిలబడే బొమ్మ తయారీ క్లాసుకు పనికిరాదు, ఎంత అందంగా ఉన్నా సరే. ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపీ చిత్రాల దగ్గర ఈ పొరపాటు ఎక్కువ జరుగుతుంది. రంగులు చూసి ఎంచుకుంటారు, తీరా చూస్తే పోల్చడానికి పక్కన ఏమీ ఉండదు.

‘సులువుగా చెప్పండి’ అన్న మాట ఆహ్వానంలోంచి పూర్తిగా తీసేయాలి. వక్త తన స్థాయిలోనే మాట్లాడాలి, ఆ స్థాయికి ఒక్క మెట్టు వేసే పని విభాగానిది.

ఖర్చు తక్కువేమీ కాదు. బొమ్మ తెప్పించడం, పేర్లు కప్పిన ప్రింట్లు, అంకెల పట్టిక, తయారీ క్లాసు, రెండు వారాల తర్వాతి జవాబులు చదవడం కలిపి ఒక్కో లెక్చర్‌కు ఒక అధ్యాపకుడి రోజు పోతుంది. ఎనిమిది లెక్చర్లకు ఇది సాధ్యపడదని తేలిపోయింది. చాలా వాదోపవాదాల తర్వాత సంఖ్యను నాలుగుకు కుదించారు. తగ్గించడం వల్ల విద్యార్థులకు పరిచయమయ్యే రంగాలు తగ్గుతాయన్న అభ్యంతరంలో నిజముంది, దానికి ఇక్కడ పూర్తి జవాబు దొరకలేదు. ప్రస్తుతానికి రాజీ ఇలా ఉంది. పది రోజుల ముందు బొమ్మ వచ్చిన లెక్చర్‌కే కోర్సులో చోటు, తయారీ క్లాసు, మూల్యాంకనం. బొమ్మ రాకపోయినా వక్త వస్తానంటే లెక్చర్ పెడతారు, హాజరు ఐచ్ఛికం, పరీక్షలో దాని మీద ప్రశ్న ఉండదు.